గ్లూటెన్ జాడ: సీలియాక్ రోగులకు ఏ తిండి పడుతుందో తేలిన క్రమం

సీలియాక్ వ్యాధి ఉన్నవారి ఒంటికి గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ అనే మాంసకృత్తు పడదు. అది కడుపులోకి చేరితే రోగనిరోధక వ్యవస్థ సొంత చిన్నపేగు మీదకే తిరగబడుతుంది. ఆహారసారాన్ని పీల్చుకునే ఆంత్రచూషకాలు అరిగి చదునైపోతాయి. పిల్లలకు పొట్ట ఉబ్బి, కాళ్లూ చేతులూ పుల్లల్లా తయారై, ఎదుగుదల ఆగిపోతుంది. పెద్దల్లో కొందరికి విరేచనాలు, కొందరికి ఎంతకీ తగ్గని రక్తహీనత. గ్లూటెన్‌ను జీవితాంతం మానేయడం తప్ప నేటికీ దీనికి వేరే వైద్యం లేదు. ఆ గ్లూటెన్ ఎందులో ఉంది, ఎందులో లేదు, ఎంత ఉంటే ముప్పు అన్న మూడు ప్రశ్నలు తేలడానికి నూరేళ్లకు పైగా పట్టింది.

రోగం మాత్రం చాలా పాతది. రోమన్ సామ్రాజ్య కాలంలో కప్పడోషియాకు చెందిన గ్రీకు వైద్యుడు అరెటేయస్ దీన్ని పోలిన జబ్బును వర్ణించాడు. ఆధునిక వైద్యంలో తొలి స్పష్టమైన వర్ణన లండన్ వైద్యుడు శామ్యూల్ గీది. 1887లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో చేసిన ప్రసంగాన్ని ఆయన మరుసటి ఏడు అచ్చు వేయించాడు. ఈ జబ్బు నయమయ్యే మార్గమంటూ ఉంటే అది ఆహారంలోనే ఉందని అందులో తేల్చి చెప్పాడు. రోజూ హాలండ్ మసెల్స్ అనే ఆల్చిప్ప జాతి జీవులను తిన్న ఒక బిడ్డ తేరుకున్నాడని, వాటి కాలం అయిపోగానే మళ్లీ జబ్బుపడ్డాడని కూడా రాశాడు. దారి సరైనదే కానీ గురి తప్పింది. ఆయన జాబితాలో అన్నం కూడదు, పలుచగా కోసి రెండువైపులా కాల్చిన రొట్టె మాత్రం పెట్టవచ్చు. అంటే బిడ్డకు పడే ధాన్యాన్ని మాన్పించి, పడని ధాన్యాన్ని పెట్టమన్నట్టయింది.

1924లో న్యూయార్క్ వైద్యుడు సిడ్నీ హాస్ అరటిపండు పథ్యాన్ని ప్రకటించాడు. పదిమంది పిల్లల్లో ఎనిమిది మందికి అరటిపళ్లు ప్రధానంగా పెట్టి, రొట్టె, బిస్కెట్లు, బంగాళదుంపలు, ధాన్యాలు మాన్పించాడు. ఆ ఎనిమిది మందీ కోలుకున్నారు. పథ్యం లేని ఇద్దరూ చనిపోయారు. ఈ పథ్యం ఎన్నో ప్రాణాలు నిలబెట్టిన మాట నిజం. అయితే గుణం అరటిపండుదని ఆయన నమ్మాడు, బిడ్డలను బతికించినది రొట్టె లేకపోవడం. కారణం తెలియకపోవడం వల్ల, నయమైందనుకున్న పిల్లలు తిరిగి గోధుమ తినడానికి అడ్డు చెప్పేవారు లేకపోయారు.

గోధుమను వేలెత్తి చూపినవాడు డచ్ పిల్లల వైద్యుడు విల్లెం డికే. 1930లలో హేగ్ నగరంలోని జూలియానా పిల్లల ఆసుపత్రిలో పనిచేస్తున్నప్పుడు, రొట్టె మాన్పిస్తే తన బిడ్డ ఒంటిమీది దద్దు తగ్గుతోందని ఒక తల్లి చెప్పిన మాట ఆయన చెవిన పడింది. తల్లి మాటే కదా అని ఆయన కొట్టిపారేయలేదు. కొద్దిమంది రోగులకు గోధుమ ఆపి, మళ్లీ పెట్టి, బరువు, ఆకలి, విరేచనాలను ఏళ్ల తరబడి గమనించాడు. 1941లోనే డచ్ వైద్య పత్రికలో గోధుమ లేని పథ్యం గురించి రాశాడు. 1944-45 చలికాలంలో జర్మన్ సేనలు సరఫరాలు బంద్ చేయడంతో పశ్చిమ నెదర్లాండ్స్‌లో జనం ట్యులిప్ దుంపలు ఉడకబెట్టుకుని తిన్నారు. ఆ కరువులోనే ఈ రహస్యం బయటపడిందన్న కథ బాగా ప్రచారంలో ఉంది. రొట్టె కరువైన ఆ రోజులు డికే అనుమానాన్ని బలపరిచి ఉండవచ్చు. అయితే 1941 నాటి వ్యాసం ఉండగా ఘనతంతా కరువుకు కట్టబెట్టడం న్యాయం కాదు. అది ఓపికగా చూసిన వైద్యుడికీ, ముందుగా కనిపెట్టిన తల్లికీ దక్కాలి.

యుద్ధం ముగిశాక డికే ఉట్రెక్ట్‌లో జీవరసాయన శాస్త్రవేత్త వాన్ డి కామర్‌తో కలిశాడు. మలంలో పోయే కొవ్వును కచ్చితంగా కొలిచే పద్ధతి కామర్ చేతిలో ఉంది. పేగు సరిగా పీల్చుకోకపోతే కొవ్వు ఎక్కువగా బయటికి పోతుంది కాబట్టి, ఏ పిండి ఎంత చెరుపు చేస్తుందో ఇక అంకెల్లో తేలుతుంది. గోధుమ, రై, ఓట్లు తీసేసి మొక్కజొన్నో వరిపిండో పెడితే ఆ కొవ్వు తగ్గుతుందని, పిల్లలకు ఆకలి పుట్టి ఎదుగుతారని డికే 1950 నాటి సిద్ధాంత వ్యాసంలో చూపాడు.

గోధుమలో ఏ భాగం దోషి? మైదాను ముద్ద చేసి నీళ్లలో పిసుకుతూ కడిగితే తెల్లటి గంజిపిండి నీళ్లతో కొట్టుకుపోతుంది. చేతిలో సాగే జిగురు ముద్ద మిగులుతుంది. అదే గ్లూటెన్. 18వ శతాబ్దంలోనే బొలోన్యా నగరానికి చెందిన శాస్త్రవేత్త బెక్కారి దాన్ని ఇలా విడదీశాడు. రెండు శతాబ్దాల తర్వాత, 1952లో, బర్మింగ్‌హామ్ వైద్య బృందం కోలుకున్న పిల్లలకు ఈ రెంటినీ విడివిడిగా పెట్టి చూసింది. గంజిపిండి హాని చేయలేదు, జిగురు ముద్ద చేసింది.

1950ల నడుమ నోటి ద్వారా గొట్టం పంపి చిన్నపేగు పొర నుంచి ముక్క తీసే పరికరాలు వచ్చాయి. లండన్‌లో మార్గోట్ షైనర్ చేసిన పని ఇందులో ముఖ్యం. దీంతో సురక్షితం అన్న మాటకే అర్థం మారింది. కడుపునొప్పి రాకపోయినా పేగు దెబ్బతినవచ్చని సూక్ష్మదర్శినిలో కనిపించింది. తిన్నాక బాగానే ఉందనడం ఇక సాక్ష్యం కాదు. కానీ డబ్బాల మీద వివరాలు అంతంతమాత్రంగా ఉన్న రోజులవి. 1968లో బ్రిటన్‌లో సీలియాక్ సంఘం ఏర్పడింది. స్థాపకుల్లో ఒకరు ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్‌ను నెలకొల్పిన పీటర్ బెనెన్సన్, తనూ ఇదే వ్యాధి ఉన్నవాడు. ఏ సరుకు కొనవచ్చో సభ్యులకు జాబితాలు అచ్చువేసి అందించడం ఆ సంఘం చేసిన గొప్ప మేలు.

ఎంత ఉంటే ముప్పన్నది చివరిగా తేలింది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ మొదట్లో గోధుమ గంజిపిండిలోని నత్రజనిని కొలిచి హద్దు పెట్టింది. నత్రజని మాంసకృత్తులన్నిటిలోనూ ఉంటుంది కనుక అది మోటు కొలత. గ్లూటెన్‌నే పట్టి చూపే ప్రతిరక్షకాలతో పరీక్షలు వచ్చాక పరిస్థితి చక్కబడింది. రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు తింటే పేగు దెబ్బతింటుందని 2007లో ఇటలీ పరిశోధకులు చూపారు. ఒక్క బ్రెడ్ ముక్కలో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. 2008లో కోడెక్స్ కిలోకు 20 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. ఆ హద్దులో ఉన్న సరుకు రోజుకు అరకిలో తిన్నా లోపలికి పోయేది 10 మిల్లీగ్రాములే. అమెరికా 2013లో, తర్వాత భారత ఆహార ప్రమాణాల సంస్థ కూడా ఇదే హద్దును తీసుకున్నాయి. ఇక డికే మాన్పించిన ఓట్లు చాలామందికి పడతాయని 1995లో ఫిన్లాండ్ అధ్యయనం తెలిపింది. అయితే పొలంలో, మిల్లులో గోధుమ కలవని ఓట్లు దొరకడమే కష్టం.

మన దేశంలో ఉత్తరాది పిల్లల్లో ఈ వ్యాధి గురించిన నివేదికలు 1966లో వచ్చాయి. 2016లో అచ్చయిన అధ్యయనంలో ఉత్తరాదిన నూటికి 1.23 మందిలో, దక్షిణాదిన 0.10 మందిలో వ్యాధి కనబడింది. వ్యాధికి అవకాశమిచ్చే జన్యువులు రెండుచోట్లా ఇంచుమించు ఒక్కలాగే ఉన్నాయి. తేడా తిండిలో ఉంది. ఉత్తరాదిన మనిషి రోజుకు తినే గోధుమ 455 గ్రాములు, దక్షిణాదిన 25. అన్నం, జొన్నరొట్టె, రాగిసంకటి మీద పెరిగిన తెలుగువాళ్ల ఇళ్లలోకి రాత్రిపూట చపాతీ, పొద్దున గోధుమరవ్వ ఉప్మా వచ్చి చేరాయి కాబట్టి ఈ అంకెలు ఇలాగే నిలుస్తాయన్న భరోసా లేదు. అరుదైన జబ్బనుకునే చోట అనుమానం రావడమే ఆలస్యమవుతుంది, అది రోగికి నష్టం.

తెలుగు వంటింట్లో ధాన్యం తేలికగా తెలుస్తుంది, కలిసిపోయిన గ్లూటెన్ తెలియదు. ఇడ్లీరవ్వ బియ్యానిది, బొంబాయిరవ్వ గోధుమది. పులిహోరలో బియ్యం, చింతపండు, పోపు అన్నీ మంచివే. అయితే బజారులో దొరికే ఇంగువ పొడిలో తరచు గోధుమపిండో మైదానో కలుస్తుంది, డబ్బా వెనక చదివితే రాసి ఉంటుంది. మినపగారె హితమే, పూరీలు వేగిన నూనెలో దాన్ని వేయిస్తే కాదు. రవ్వదోసె పోసిన పెనం మీద పోసిన మినపదోసె సంగతీ అంతే. విడిగా అమ్మే పిండికి చీటీ ఉండదు. గోధుమలు ఆడిన పిండిమరలో వెంటనే జొన్నలు పోస్తే, లోపల మిగిలిన గోధుమపిండి జొన్నపిండిలో పడుతుంది. అందుకే ఈ వ్యాధి ఉన్న ఇళ్లలో జొన్నలు, రాగులు కొని, గోధుమగింజలు ఏరి, కడిగి ఆరబెట్టి, గోధుమ తగలని మిక్సీలోనో సొంత మరలోనో పిండి పట్టుకుంటారు.