గ్రహణం విడిచిన మర్నాడు

విభవ నామ సంవత్సరం, శ్రావణ బహుళ అమావాస్య, మంగళవారం. ఇంగ్లిషు లెక్కలో 1868 ఆగస్టు 18. పోలాల అమావాస్య పూట కంద మొక్కకి పూజ చేసుకోవలసిన గుంటూరు ఇల్లాళ్ళు ఆ తెల్లవారుజామున దర్భలు వెతుక్కుని ఉంటారు. ఊరగాయ జాడీల మీదా నీళ్ళ బిందెల మీదా దర్భలు వేసి, కడుపుతో ఉన్న ఆడపిల్లల్ని లోపలి గదుల్లో పడుకోబెట్టి, పట్టు స్నానానికి కాచుకున్న ఊరు అది. ఉదయం తొమ్మిది ప్రాంతంలో సూర్యుడికి సంపూర్ణ గ్రహణం. ఐదు నిమిషాలకు పైగా చీకటి.

ఆ ఐదు నిమిషాల కోసం ఫ్రాన్సులో ఓడ ఎక్కి వచ్చిన మనిషి ఒకాయన ఊళ్ళో ఉన్నాడు. పేరు జూల్ జాన్సెన్. నలభై నాలుగేళ్ళవాడు. చిన్నప్పటి ప్రమాదంతో ఒక కాలు అవిటి. సూయజ్ కాలువ ఇంకా తెరవని రోజులు. మద్రాసు చేరి, అక్కణ్ణుంచి మచిలీపట్నం రేవు మీదుగా పెట్టెలన్నీ మోయించుకుని గుంటూరు వచ్చాడు. లెఫోషర్ అనే ఫ్రెంచి వర్తకుడి ఇంట్లో దిగాడు. గుంటూరులోనే మేజర్ టెనెంట్ బృందం ఇంకోచోట ఫొటో సరంజామాతో సిద్ధంగా ఉంది. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పోగ్సన్ బందరులో మకాం వేశాడు. అదే అబ్జర్వేటరీలో పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తి వెళ్ళాడు. తెలుగు నేల మీద ఒక ఉదయానికి ఇన్ని దూరదర్శినులు అంతకు ముందెప్పుడూ తలెత్తి చూసి ఉండవు.

అందరి ప్రశ్నా ఒకటే. సంపూర్ణ గ్రహణంలో చంద్రుడి నల్లటి బిళ్ళ అంచున ఎర్రగా మంటల్లాంటివి లేస్తాయి. అవి సూర్యుడివేనని 1860 గ్రహణం ఫొటోలతో తేలిపోయింది. వాటిలో ఉన్నది ఏ పదార్థమో తేలలేదు. ఏ వస్తువు వెలుగునైనా పట్టకంతో విడదీసి చూస్తే అందులోని మూలకాల ఆనవాళ్ళు గీతలుగా కనిపిస్తాయని కిర్కాఫ్, బున్‌సెన్ అనే శాస్త్రజ్ఞులు చెప్పి అప్పటికి పదేళ్ళు కాలేదు. గీతలు చూసే ఆ పరికరం, స్పెక్ట్రోస్కోపు, ఈసారి దాదాపు ప్రతి బృందం దగ్గరా ఉంది.

చీకటి పడింది. ఊరంతా ఒక్కసారి గొల్లుమని ఉంటుంది. జాన్సెన్ కన్ను మాత్రం పరికరానికి అతుక్కునే ఉంది. అంచున ఒక మంట నిటారుగా నిలబడి ఉంది. ఇతర బృందాలవాళ్ళు తర్వాత దానికి పెద్ద కొమ్ము అని పేరు పెట్టారు. భూమిలాంటి గోళాలు ఏడెనిమిది ఒకదాని మీద ఒకటి పేర్చినా అందని ఎత్తు. స్పెక్ట్రోస్కోపు చీలికను దాని మీదికి తిప్పగానే కొద్దిపాటి గీతలు, చాలా కాంతిగా, విడివిడిగా మెరిశాయి. ఎర్ర గీత, నీలి గీత హైడ్రోజన్‌వి. అంటే అవి కాగిన వాయువు మేడలు. వచ్చిన పని అయిపోయింది. ప్యారిస్ సైన్సు అకాడమీకి రాయడానికి ఇదొక్కటి చాలు.

కాని ఆయన ఆ గీతల కాంతి చూసి ఆగిపోయాడు. ఇంత తీక్షణంగా ఉన్నవాటిని చూడడానికి చంద్రుడు అడ్డం రావలసిన పనేముంది? గ్రహణం లేకుండానే వీటిని మళ్ళీ చూడొచ్చు కదా అనుకున్నాడు. అప్పుడే ప్రయత్నించేవాడే. మబ్బు కమ్మింది. ఆ పగలు ఇంకేమీ కుదరలేదు.

ఆ రాత్రి గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. విడుపు స్నానాలు అయిపోయాయి. ఊరు తిని పడుకుంది. చూడాల్సింది చూసేశామన్న తృప్తితో మిగతా ఖగోళవేత్తలు ఫొటో పలకలు భద్రం చేసుకుంటున్నారు. ఒక్క ఇంట్లో మాత్రం దీపం వెలుగుతోంది. పొద్దునే చీలికను ఎక్కడ పెట్టాలో, ఏ గీత కోసం చూడాలో ఆ మనిషి లెక్క వేసుకుంటున్నాడు.

19వ తేదీ పొద్దు పొడిచింది. మామూలు సూర్యుడు. స్నానాలు లేవు, దర్భలు లేవు. జాన్సెన్ చీలికను సూర్యబింబం అంచుకు సగం లోపల, సగం బయట ఉండేట్టు పెట్టి, కన్ను ఎర్ర గీత దగ్గర నిలిపి, అంచు వెంబడి మెల్లిగా జరుపుకుంటూ పోయాడు. నిన్నటి గీత పట్టపగటి ఆకాశంలోంచి మెరుస్తూ బయటపడింది.

ఇది ఎలా సాధ్యమో చెప్పడానికి కోనసీమలో మా ఊరు అప్పనపల్లి పక్క సంగతే చెప్పాలి. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి బ్లోఅవుట్ అయి రెండు నెలలకు పైగా మండింది. అప్పనపల్లి నుంచి చూసినవాళ్ళందరికీ తెలుసు. రాత్రి ఆకాశమంతా ఎర్రగా పరుచుకున్న ఆ మంటే మిట్టమధ్యాహ్నం ఎండలో పాలిపోయేది. మంట తగ్గేది కాదు, చుట్టూ వెలుగు పెరిగేది. సూర్యుడి అంచున లేచే మంటలదీ అదే కష్టం. పక్కనున్న ఆకాశపు వెలుతురులో అవి మునిగిపోతాయి. అయితే ఆకాశం వెలుగులో అన్ని రంగులూ ఉన్నాయి. పట్టకాలు పెంచి ఎంత విడదీస్తే అంత పలచబడి పరుచుకుంటుంది. మంట వెలుగు మాత్రం నాలుగైదు గీతల్లోనే ఉంది. ఎంత విడదీసినా ఆ గీత ఆ గీతగానే నిలబడుతుంది. వెనకది పలచనై ముందుది నిలిచిపోతే కంటికి కనిపించక ఏం చేస్తుంది?

ఆగస్టు 19 మొదలు పదిహేడు రోజుల పాటు జాన్సెన్ ఈ పనే చేశాడు. చీలికను కొంచెం కొంచెం జరుపుతూ, ఎక్కడ గీత పొడుగైందో ఎక్కడ పొట్టిదైందో కొలుచుకుని, ఒక్కో మంట ఆకారాన్నీ కాగితం మీదికి ఎక్కించాడు. అవి కాసేపట్లోనే రూపు మార్చుకుంటున్నాయని గమనించాడు. ఐదు నిమిషాల చీకటిలో ఎవరికీ తెలిసే వీలు లేని విషయం ఇది. సూర్యుడి మీద రోజూ ఏదో జరుగుతోంది. రోజూ చూసేవాడికే అది తెలుస్తుంది.

సెప్టెంబరు 19న ఆయన కాకినాడ నుంచి ప్యారిస్ అకాడమీకి ఉత్తరం రాశాడు. బందరు నుంచి కాకినాడకు తీరం వెంట వెళ్ళే ఓడ అంతర్వేది ముందు నుంచే సాగాలి. అలాగే వచ్చి ఉంటే మా గోదావరి పాయల మొగలు ఆయన కళ్ళబడే ఉంటాయి. అకాడమీ ప్రచురణలో ఆ ఉత్తరం శీర్షికలో గుంటూరు లేదు, కాకినాడ పేరే ఉంది. కోనసీమవాళ్ళలో ఈ సంగతి ఎందరికి తెలుసో!

టపా అప్పట్లో సూయజ్ దాకా ఓడలో, అక్కణ్ణుంచి రైల్లో, మళ్ళీ ఓడలో పోవాలి. ఆ నెల రోజుల్లో లండన్‌లో ఇంకో కథ నడిచింది. నార్మన్ లాకియర్ అని యుద్ధ శాఖ ఆఫీసులో గుమాస్తా. ముప్ఫై రెండేళ్ళవాడు. ఖగోళం ఆయనకు ఉద్యోగం కాదు, ఆఫీసు వేళలు కాని వేళల్లో పెట్టుకున్న ధ్యాస. పగటిపూటే ఆ మంటల్ని చూడొచ్చన్న ఆలోచన ఆయనకూ వచ్చి, స్పెక్ట్రోస్కోపు పురమాయించి, అది తయారై రావడం కోసం ఏళ్ళు కాచుకున్నాడు. పరికరం అక్టోబరు 16న చేతికొచ్చింది. 20న గీత కనిపించింది. వెంటనే రాశాడు. 1868 అక్టోబరు 26, సోమవారం, ప్యారిస్ అకాడమీ సమావేశంలో కాకినాడ ఉత్తరమూ లండన్ కబురూ ఒకే పూట చదివారు. ఎవరు ముందు అన్న తగాదా పడకుండా అకాడమీ ఇద్దరినీ గౌరవించింది. 1872లో ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలూ పక్కపక్కన చెక్కి పతకం పోయించింది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. హీలియం గుంటూరులో దొరికింది అని మనవాళ్ళు తరచూ రాస్తారు. ఆ గ్రహణంలో పసుపు గీత చాలామందికి కనిపించిన మాట నిజం. ఎక్కువమంది దాన్ని సోడియం గీత అనుకున్నారు. అది సోడియం చోటున లేదని అక్టోబరులో పట్టుకున్నవాడు లాకియర్. సూర్యుడి గ్రీకు పేరుతో దానికి హీలియం అని పేరు పడింది ఆ తర్వాత. భూమి మీద అది రసాయన శాస్త్రజ్ఞుడు రామ్సే చేతికి చిక్కింది 1895లో. గుంటూరు ఘనతను తగ్గించడానికి ఇది చెప్పడం లేదు. ఆ ఊరికి దక్కినది వేరు, నా లెక్కలో అంతకంటే పెద్దది. సూర్యుణ్ణి గ్రహణానికోసారి కాక రోజూ కనిపెట్టి చూడడం, అంచు మంటల విషయంలో, ప్రపంచంలో మొదట మొదలైంది గుంటూరులో.

మనవాళ్ళలో ఈ ధ్యాస ఉన్నవాళ్ళు అప్పటికే లేకపోలేదు. విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు 1840లోనే సొంత డబ్బుతో అబ్జర్వేటరీ కట్టుకున్నాడు. మద్రాసు అబ్జర్వేటరీలో టేలర్ దగ్గర విద్య నేర్చుకుని వచ్చిన జమీందారు ఆయన. 1856లో పోయాడు. అల్లుడు అంకితం వెంకట నరసింగరావు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం వదులుకుని దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. 1871లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లటి చుక్కలా దాటిపోవడాన్ని విశాఖలో చూసి, వివరాలు ఆ సొసైటీకి పంపాడు. 1892లో ఆయన పోయేదాకా ఆ దూరదర్శిని పని ఆగలేదు. జీతం లేని పని. తెలుగునాట ఔత్సాహిక ఖగోళవేత్తల వంశవృక్షం రాయాలంటే ఈ మామా అల్లుళ్ళతోనే మొదలుపెట్టాలి.

సూర్యుడి మీద మచ్చల లెక్క కూడా ఇలా జీతం లేనివాళ్ళు కట్టిన ఇల్లే. జర్మనీలో డెస్సౌ అనే ఊళ్ళో ష్వాబె అని మందుల కొట్టు ఆసామి. బుధుడి కంటే లోపల ఏదైనా గ్రహం ఉందేమో, సూర్యుడి మీదుగా దాటుతూ దొరుకుతుందేమోనని 1826 నుంచి రోజూ మచ్చలు రాసిపెట్టాడు. జాన్సెన్‌వి పదిహేడు రోజులు, ఈయనవి పదిహేడేళ్ళు. గ్రహం దొరకలేదు. మచ్చలు సుమారు పదేళ్ళకోసారి పెరిగి తగ్గుతున్నాయని దొరికింది. తర్వాత వోల్ఫ్ అనే ఖగోళవేత్త మచ్చలకొక లెక్క ఏర్పాటు చేశాడు. గుంపులెన్నో పదితో హెచ్చవేసి, విడి మచ్చలెన్నో దానికి కలపాలి. మూడు గుంపులు, మొత్తం పద్నాలుగు మచ్చలు ఉంటే ఆ రోజు సంఖ్య 44. చూసే మనిషికీ పరికరానికీ తగ్గట్టు ఒక గుణకంతో సరిచేస్తారు. మచ్చలు పెరిగి తగ్గే ఈ చక్రం సగటు పదకొండేళ్ళని ఆయనే తేల్చాడు. టోక్యోలో హిసాకో కొయామా ఇంటి దూరదర్శినితో మొదలుపెట్టి నలభై ఏళ్ళకు పైగా, పదివేలకు పైగా సూర్యబింబాల బొమ్మలు చేత్తో గీసింది. నేడు బ్రస్సెల్స్‌లోని బెల్జియం రాయల్ అబ్జర్వేటరీ ప్రపంచమంతటి నుంచీ ఈ లెక్కలు కూడగట్టి రోజువారీ సంఖ్య ప్రకటిస్తుంది. పంపేవాళ్ళలో చాలామంది ఔత్సాహికులే.

కొడైకెనాల్‌లో 1904 నుంచి సూర్యుడి ఫొటోలు తీస్తున్నారు. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయల్దేరిన ఆదిత్య ఎల్1 భూమికి పదిహేను లక్షల కిలోమీటర్ల దూరాన కూర్చుని సూర్యుణ్ణే చూస్తోంది. ఇంకా చేతి లెక్క ఎందుకని నన్ను అడుగుతుంటారు. గెలీలియో కాలం నుంచి నాలుగు వందల ఏళ్ళ వరస ఇది. పాత చూపుతో కొత్త చూపును పోల్చాలంటే పాత పద్ధతిలో చిన్న దూరదర్శినితో చూసేవాళ్ళు ఇప్పటికీ ఉండాలి. పరికరం మారితే వరస తెగుతుంది.

నేను అప్పనపల్లిలో చేసేది ఈ పనే. కొబ్బరి తోటల్లో సూర్యుడు బాగా పైకొస్తే గాని కనపడడు. అప్పటికి నేల కాగి, గాలి ఆడి, బింబం అంచు ఉడుకుతున్నట్టు కదులుతుంది. అందుకే వైనతేయ గట్టు మీదికి పోతాను. అక్కడ తూర్పు తెరిపిగా ఉంటుంది, నీటి పక్కన గాలి నిలకడగా ఉంటుంది. దూరదర్శిని కంటికి పెట్టుకోను. ఎవరూ పెట్టుకోకూడదు. ఫిల్టరు లేకుండా ఒక్క క్షణం చూసినా చూపు పోతుంది. వెనక తెల్ల కాగితం పట్టి, దాని మీద పడిన బింబంలో మచ్చల్ని పెన్సిలుతో గుర్తు పెడతాను. బాలబాలాజీ దర్శనానికి వచ్చినవాళ్ళు ఆగి చూస్తారు. "అదేంటండీ, కాగితం మీద మరకా?" అని ఒక పెద్దావిడ అడిగింది. "కాదమ్మా, సూర్యుడి మీది మచ్చ. మన భూమి అందులో పట్టేస్తుంది" అన్నాను. ఆవిడ కాగితాన్ని జరిపి చూసింది. మచ్చ కాగితంతో రాలేదు, బింబంతోనే ఉండిపోయింది. నమ్మింది.

నడుస్తున్నది 25వ చక్రం. 2019 డిసెంబరులో మొదలై 2024లో శిఖరానికి వచ్చింది. ఆ ఏడాది మే 10, 11 తేదీల్లో సూర్యుడి నుంచి వచ్చిన తుపానుకు లడఖ్ హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. ఆ తుపానుకు కారణమైన మచ్చల గుంపు కాగితం మీద ఏ ఐదో తరగతి పిల్లవాడైనా వేలు పెట్టి చూపించగలిగేంత పెద్దది. ఇప్పుడు దిగుడు. ఈ దశాబ్దం చివరికి మచ్చలే లేని రోజులు వరసగా వస్తాయి. అప్పుడు విసుగు పుడుతుంది, చాలామంది మానేస్తారు. మానకూడదు. మచ్చ లేకపోతే నోటుబుక్కులో ఆ రోజు గడిలో సున్నా వేయాలి. మబ్బు పట్టి చూడలేకపోతే గడి ఖాళీగా వదలాలి. ఈ రెండింటినీ కలిపేస్తే బ్రస్సెల్స్‌లో లెక్క చెడుతుంది.

అమలాపురం, రాజోలు, కొత్తపేట హైస్కూళ్ళలో సైన్సు మాస్టార్లు ఒక చిన్న దూరదర్శిని, ఒక తెల్ల అట్ట, ఒక నోటుబుక్కుతో దీన్ని మొదలుపెట్టించవచ్చు. ఇప్పుడు ఎనిమిదో తరగతిలో ఉన్న పిల్ల సున్నాలతో మొదలుపెట్టినా, చదువు పూర్తయ్యేసరికి 26వ చక్రం ఎక్కుబడి తన చేతి రాతలోనే ఉంటుంది.