పెనుకొండ కొలువు నుంచి హిందూపురం ఓటు దాకా

పెనుకొండ, లేపాక్షి, హిందూపురం, ధర్మవరం. ఒకదానికొకటి కూతవేటు దూరంలో లేకపోయినా ఒకే చరిత్రను పంచుకున్న ఊళ్ళివి. ఏలేవాడికీ, అతని చుట్టూ కొలువుదీరినవారికీ మధ్య పొత్తు చెడినప్పుడల్లా ‘ద్రోహి’ అనే ముద్ర ఎవరి నుదుట పడింది, ఆ ముద్ర వేసే అధికారం ఎవరి చేతిలో ఉండింది అని అడిగితే, ఐదు వందల ఏళ్ళ జవాబు ఈ సీమలోనే దొరుకుతుంది. ఆ అధికారం రాజు నోటి నుంచి న్యాయస్థానానికి, అక్కడి నుంచి చట్టసభకు, చివరికి ఓటరుకు చేరిన తీరు తెలుసుకోదగింది.

మొదట చెప్పుకోవలసింది తిమ్మరుసు కథ. విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ రాసిపెట్టినదాని ప్రకారం, చనిపోతున్న వీరనరసింహరాయలు తమ్ముడి కళ్ళు పీకించి తెమ్మని మంత్రిని ఆజ్ఞాపించాడు. తిమ్మరుసు మేక కళ్ళు తెచ్చి చూపించి కృష్ణరాయలను కాపాడాడు. ఆనాడు రాజాజ్ఞను మీరడమే రాజ్యానికి మేలయింది. 1524 ప్రాంతంలో యువరాజు తిరుమలరాయలు చనిపోగానే విషప్రయోగమన్న నింద తిమ్మరుసు కుటుంబం మీద పడింది. రాయలు నిండు కొలువులో నేరం మోపి ఆయనను చెరలో వేయించాడనీ, తర్వాత కళ్ళు పీకించాడనీ న్యూనిజ్ కథనం. తాను కళ్ళు దక్కించిన రాజు చేతనే ఆ మంత్రి కళ్ళు పోగొట్టుకున్నాడు. నింద వేసినవాడు, విచారించినవాడు, శిక్షించినవాడు అంతా ఒక్కడే. ఎదురుచెప్పడానికి తిమ్మరుసుకు వేదికే లేదు. ఆ మహామంత్రి చివరి రోజులు పెనుకొండలోనే గడిచాయని ఇక్కడివారి నమ్మకం. ఆయనదేనని చెప్పే సమాధి మంటపాన్ని ఇప్పటికీ చూపిస్తారు.

కృష్ణరాయల తర్వాత అచ్యుతరాయల కాలంలో ఇలాంటి నిందే లేపాక్షిని తాకిందని జనశ్రుతి. పెనుకొండలో కోశాధికారిగా ఉన్న విరూపణ్ణ తమ్ముడు వీరణ్ణతో కలిసి వీరభద్రాలయాన్ని కట్టించాడు. రాయల అనుమతి లేకుండా ఖజానా ఖర్చు చేశాడని కొండెం చెప్పారట. కళ్ళు తీయించమన్న ఆజ్ఞ రాకముందే విరూపణ్ణ తన కళ్ళను తానే పెరుక్కుని గోడకు విసిరాడట. అసంపూర్తిగా నిలిచిపోయిన కల్యాణ మంటపం దగ్గర గోడ మీద ఎర్రని మరకలు రెండు చూపిస్తారు. శాసనాలు దానధర్మాల గురించి చెబుతాయి తప్ప ఈ శిక్ష గురించి చెప్పవు. అయినా జనం ఈ కథను వదులుకోలేదు. రాజు వేసిన నిందను రాతి గోడ సాక్షిగా తిప్పికొట్టిన తీర్పుగానే నేను దాన్ని చదువుతాను. ఆ గుడి కప్పు మీది చిత్రాల్లోని అంచులు, లతలు ధర్మవరం మగ్గాల మీద పట్టుచీరలకెక్కి నేటికీ బతుకుతున్నాయి.

1542లో అచ్యుతరాయలు పోగానే ద్రోహం సింహాసనం దగ్గరికే వచ్చింది. బాలరాజును మేనమామ సలకరాజు చిన తిరుమలుడు చంపించాడు. అతణ్ణి ఓడించిన అళియ రామరాయలు సదాశివరాయలను గద్దెనెక్కించి, పాలన తానే చేశాడు. 1565 జనవరిలో జరిగిన యుద్ధంలో రామరాయలు పడిపోగా, తమ్ముడు తిరుమలుడు రాజునూ ఖజానానూ ఏనుగుల మీద పెనుకొండకు తరలించాడు. కొన్నేళ్ళకు తానే పట్టం కట్టుకున్నాడు. గెలిచినవాడు రాజైతే ఓడినవాడు ద్రోహి. 1638 ప్రాంతంలో బిజాపూరు సాయంతో పినతండ్రి మీద తిరగబడ్డ మూడవ శ్రీరంగరాయలే 1642లో రాజయ్యాడు.

సరిగ్గా ఆ ఏడాది జనవరిలోనే లండన్‌లో మరో దారి తెరుచుకుంది. ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ ఐదుగురు పార్లమెంటు సభ్యుల మీద రాజద్రోహ నేరం మోపి, వారిని పట్టుకోవడానికి సైనికులతో స్వయంగా పార్లమెంటుకు వచ్చాడు. సభ ఆదేశిస్తే తప్ప ఇక్కడ తనకు చూపూ లేదు, మాటా లేదని స్పీకర్ లెంథాల్ మోకరిల్లి విన్నవించాడు. ఏడేళ్ళకు, 1649లో, దేశద్రోహ నేరం కిందే ఆ రాజు తల తెగింది. రాజు కూడా ద్రోహి కావచ్చన్న ఆలోచన అప్పటికి కొత్తది.

కానీ ఆ పార్లమెంటు గల దేశమే మనల్ని ఏలడానికి వచ్చినప్పుడు పాత రాజుల పద్ధతినే పట్టింది. 1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి దత్తం చేశాడు. 1870లో శిక్షాస్మృతిలో రాజద్రోహ నేరపు సెక్షన్ 124ఎ చేరింది. 1908లో కర్నూలు బిడ్డ గాడిచర్ల హరిసర్వోత్తమరావు ‘స్వరాజ్య’ పత్రికలో రాసిన రాతకు రాజద్రోహ నేరంపై జైలుకు వెళ్ళాడు. హిందూపురం ప్రాంతపు కల్లూరు సుబ్బారావు ఉద్యమంలో జైళ్ళు చూసి, తర్వాత శాసనసభ్యుడయ్యాడు. కొలువు దృష్టిలో ద్రోహి అయినవాడు జనం దృష్టిలో ప్రతినిధి అయ్యాడు. నా ఎరుకలో ఈ సీమ చరిత్రకు అసలైన మలుపు ఇదే.

1967లో హిందూపురం లోక్‌సభ స్థానం నుంచి గెలిచిన నీలం సంజీవరెడ్డి స్పీకరయ్యాడు. స్పీకర్ ఏ పక్షానికీ చెందకూడదని పార్టీ సభ్యత్వానికి రాజీనామా చేశాడు. లెంథాల్ వారసత్వం పెనుకొండ, ధర్మవరం దారుల్లో ఓట్లడిగిన మనిషికి దక్కిందని తలచుకుంటే ఈ సీమవాడిగా గర్వమే కలుగుతుంది. 1969లో ఆయనే రాష్ట్రపతి పదవికి కాంగ్రెస్ అభ్యర్థి. ఆయన నామినేషన్ మీద సంతకం చేసిన ఇందిరాగాంధీ, అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయమన్నారు. వి.వి.గిరి గెలిచాడు. ఆమె పార్టీకి ద్రోహం చేశారని ఒక వర్గం, ఆ వర్గమే ప్రతిపక్షాలతో కుమ్మక్కైందని మరో వర్గం నిందించుకున్నాయి. పార్టీ రెండుగా చీలింది. 1977లో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయిన సంజీవరెడ్డే, 1979 ఆగస్టులో జగ్జీవన్‌రామ్‌కు అవకాశం ఇవ్వకుండా లోక్‌సభను రద్దు చేసి జనతా నాయకుల నిందలు మోశాడు. సభకు కాపలాదారైన మనిషి మీద సభను కాలరాశాడన్న అభియోగం పడింది.

ఇక ఎన్టీఆర్. 1962 నాటి ‘మహామంత్రి తిమ్మరుసు’లో కృష్ణదేవరాయలుగా కనిపించిన నటుడు, 1984 ఆగస్టు 16న ముఖ్యమంత్రిగా గవర్నర్ రామ్‌లాల్ చేతిలో పదవి పోగొట్టుకున్నాడు. నాదెండ్ల భాస్కరరావు గద్దెనెక్కినా నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, ఎన్టీఆర్ తిరిగి ప్రమాణం చేశాడు. రాజ్‌భవన్ గదిలో బలం లెక్కించిన తీరును జనం ఒప్పుకోలేదు. 1985లో మూడు చోట్ల గెలిచి హిందూపురాన్నే ఉంచుకున్నాడు. ఆ ఏడే ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. 1994లో సుప్రీంకోర్టు ఇచ్చిన బొమ్మై తీర్పు బలపరీక్షకు సభే వేదికని తేల్చింది.

ఆ తీర్పు వెలువడిన మరుసటి ఏడాదే, 1995 ఆగస్టులో, హిందూపురం శాసనసభ్యుడిగానే ముఖ్యమంత్రి అయిన ఎన్టీఆర్ మీద సొంత సభ్యులు తిరగబడ్డారు. వెన్నుపోటు అన్నాడాయన, పార్టీని కాపాడుకున్నామన్నారు అల్లుడు చంద్రబాబు వెంట నడిచినవారు. సంఖ్యాబలం రెండోవైపు ఉంది. సెప్టెంబరు 1న చంద్రబాబు ప్రమాణం చేశారు. 1996 జనవరి 18న ఎన్టీఆర్ కన్నుమూశాడు. ఉప ఎన్నికలో హిందూపురం ఆయన కుమారుడు హరికృష్ణను గెలిపించింది. 1984 నాటి వివాదాన్ని మరుసటి ఏడాది ఓటరు తేల్చేశాడు. 1995 నాటి నింద మాత్రం అటువాళ్ళూ ఇటువాళ్ళూ ఎత్తిపొడుచుకుంటూ ఈనాటికీ తెలుగు ఎన్నికల వేదికల మీద వినిపిస్తూనే ఉంది.