గుర్రాల్లో నట్టలు

జట్కా, పెళ్లి ఊరేగింపు గుర్రాల వంటి పనిగుర్రాల పేగుల్లో బతికే పురుగులు. వీటిలో స్ట్రాంగిలస్ వల్గారిస్ అతి ప్రమాదకరం. లద్దెతో బయటపడ్డ గుడ్లు పగిలి, పిల్లపురుగులు గడ్డిపరకలకెక్కి, మేతతోపాటు లోపలికి పోతాయి. బిలాస్‌పూర్ శివారు తిఫ్రా మొదలు కోస్తా ఆంధ్ర దాకా వానాకాలపు వెచ్చని తడి వీటికి అనుకూలం. కడుపులో చేరాక ఊరుకోవు. పేగులకు నెత్తురందించే ధమనిలోకి పాకి దాని గోడను దెబ్బతీస్తాయి. అక్కడ నెత్తురు గడ్డకడితే శూల వస్తుంది: గుర్రం డొక్కవైపు తిరిగి చూస్తుంది, కాలితో నేల గీరుతుంది, పడి పొర్లుతుంది. ఉలవలు పెట్టినా ఒళ్లు చేయకపోతే యజమాని దాణాను తిట్టుకుంటాడు. లద్దె పరీక్ష చేయించేవారు తక్కువ.

మరో రకం నట్టలైన ఏలికపాముల బెడద ముఖ్యంగా గుర్రపు పిల్లలకే.

1981లో పశువైద్యంలోకి వచ్చిన ఐవర్‌మెక్టిన్ స్ట్రాంగిలస్‌ను బాగా అణచింది. ఆ మందుకు దారితీసిన పరిశోధనకు విలియం క్యాంప్‌బెల్, సతోషి ఓమురా 2015 నోబెల్ బహుమతిలో భాగం పొందారు. మోతాదు కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు. అయితే అయినదానికీ కానిదానికీ మందు పోయడంతో ఏలికపాములు చాలాచోట్ల దానికి లొంగడం లేదు. అందుకే నేడు లద్దెలో గుడ్లు లెక్కించి, అవసరమైన గుర్రానికే మందివ్వమని సూచిస్తున్నారు.