పాట వెనుక మనిషి: షికాగో బ్లాక్ ఎన్‌సెంబుల్ థియేటర్ జీవితగాథా నాటకాలు

1830ల నుంచి దశాబ్దాల పాటు అమెరికాలో జనం విరగబడి చూసిన వినోదం మిన్‌స్ట్రెల్ ప్రదర్శన. తెల్ల నటులు ముఖానికి మసి పూసుకుని నల్లవారి పాటను, నడకను, యాసను వెక్కిరించేవారు. ఆటపాట ఎవరిదో వారే నవ్వులపాలయ్యారు. రాబడి మాత్రం వెక్కిరించినవారికి దక్కింది. ఈ నేపథ్యాన్ని వదిలేసి, షికాగోలోని బ్లాక్ ఎన్‌సెంబుల్ థియేటర్‌ను హుషారైన సంగీత నాటకాల సంస్థగా మాత్రమే చూస్తే దాని కృషిలో సగం మన కంటికి ఆనదు.

షికాగోలో కాబ్రినీ-గ్రీన్ అనే ప్రభుత్వ గృహసముదాయంలో పెరిగిన జాకీ టేలర్ 1975లో 'కూలీ హై' చిత్రంలో నటించారు. నాటి సినిమాల్లో నల్లజాతివారికి దక్కే పాత్రల తీరు నచ్చక 1976లో ఈ సంస్థను స్థాపించారు. జాతివివక్షను రూపుమాపడమే తన ధ్యేయమని సంస్థ చాటుకుంది. అందుకు పాటను సాధనంగా చేసుకుంది. మడ్డీ వాటర్స్, మార్విన్ గే వంటి గాయకుల జీవితాలను నాటకాలుగా మలిచి, వాద్యబృందం అక్కడికక్కడే వాయిస్తుండగా నటులే గొంతెత్తి పాడే పద్ధతి దీనికి పేరు తెచ్చింది.

వీటిలో నిశితంగా పరిశీలించదగినది 2000లో రంగస్థలమెక్కిన 'ది జాకీ విల్సన్ స్టోరీ'. విల్సన్ పాడిన 'లోన్లీ టియర్‌డ్రాప్స్' 1958లో విడుదలై దేశమంతటా మారుమోగింది. దాన్ని రాసినవారిలో ఒకరైన బెర్రీ గోర్డీ మరుసటి ఏడాదే సొంత రికార్డు కంపెనీ పెట్టారు. మోటౌన్‌గా ఎదిగింది అదే. విల్సన్ బతుకు మరో దారి పట్టింది. 1975 సెప్టెంబరు 29న న్యూజెర్సీలో అదే పాట పాడుతూ వేదిక మీదే కుప్పకూలారు, మళ్లీ కోలుకోలేదు. 1984లో కన్నుమూస్తే సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా లేదు. 1987లో చందాలు పోగుచేసి ఆ లోటు తీర్చారు. ఇదంతా తెలిశాక ఆ పాట మునుపటిలా వినిపించదు. రేడియోలో కాలు ఆడించే పాట, నాటకంలో ఆ మనిషి కష్టానికి సాక్ష్యమవుతుంది. గాయకుడి నుంచి విడిపోయి సరుకైపోయిన పాటను మళ్లీ అతని జీవితంతో ముడివేయడమే ఈ సంస్థ చేసిన అసలు పని అని నా అభిప్రాయం. మిన్‌స్ట్రెల్ వేదిక చేసిన అన్యాయానికి ఇంతకంటే సూటైన జవాబు నాకు కనిపించదు. విల్సన్ పాత్రధారి చెస్టర్ గ్రెగరీ ఆ తర్వాత బ్రాడ్‌వే 'హెయిర్‌స్ప్రే'లో నటించే స్థాయికి ఎదగడం కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

ఇలాంటి నాటకాల్లో కథ పలచన, పాటకూ పాటకూ మధ్య సంభాషణలు వంతెనల్లా ఉంటాయనే విమర్శ ఉంది. కొంత నిజమే. ఒక జీవితాన్ని రెండు, మూడు గంటల్లో చుట్టేసేటప్పుడు సంఘటనలు పరుగులు తీస్తాయి. అయితే పాత్ర మనసులోని ఘర్షణను ఇక్కడ సంభాషణ కంటే పాటే ఎక్కువగా మోస్తుంది. ఆ భారాన్ని లెక్కలోకి తీసుకోకుండా తూకం వేస్తే నాటకం తేలిపోయినట్టే అనిపిస్తుంది.

చాలాకాలం అద్దె వేదికలో, నూటయాభై సీట్ల చిన్న హాలులో నడిచిన ఈ సంస్థ 2011 నవంబరులో క్లార్క్ వీధిలో సొంత భవనంలోకి మారింది. పాటే ఇంత భారం మోస్తుంది కాబట్టి పరిశోధకులు దీని నాటకాలను రాతప్రతితోనే సరిపెట్టకుండా వాద్యబృందంతో, ప్రేక్షకులతో కలిపి ప్రదర్శనగా అధ్యయనం చేయాలి.