లేపాక్షి కప్పుమీది అన్నదమ్ములు

హిందూపురమునుండి తూర్పుగా పదిహేను కిలోమీటర్లు పోయినచో వచ్చు లేపాక్షి నేటికిని చిన్న ఊరే. ఊరి మొదటనే ఏకశిలయందు మలచిన నంది, మెడలో గంటలపేరుతో, కొండంత ఠీవితో కూర్చుండి మనకు స్వాగతమిచ్చును. ఆవల కూర్మశైలమను తాబేటివీపువంటి బోడిగుట్టమీద పదునారవ శతాబ్దపు వీరభద్రాలయము కలదు. వచ్చినవారెల్ల మొదట వ్రేలాడు స్తంభముకడకే పరుగెత్తి, దాని క్రిందనుండి తువాలు దూర్చి ఆవలికి లాగి సంతసింతురు. వేడుక వేడుకయే, కాని కప్పువంక ఒక్కమారైనను కన్నెత్తక వెడలిపోవువారిని చూచినపుడు నాకు కొంత కినుక కలుగును.

ఏలయన, ఆ కప్పుమీద దేవతలతోపాటు గుడి కట్టించిన మనుష్యులును ఉన్నారు. అచ్యుతదేవరాయలు విజయనగరము నేలిన కాలమున (1529–1542), పెనుగొండలో రాజోద్యోగియై ధనమును అధికారమును గడించిన విరూపణ్ణయు, అతని సోదరుడు వీరణ్ణయు, గర్భాలయము ముందరి మండపపు కప్పున, తమ పరివారముతో వరుసగా నిలిచి, కులదైవమగు వీరభద్రుని విభూతిని భక్తితో స్వీకరించుచున్నట్లు చిత్రింపబడినారు. విరూపణ్ణ నంది లక్కిశెట్టి కుమారుడని శాసనములు చెప్పును. పేరునుబట్టి చూడగా వర్తకుల యింటివాడని తోచును. సింహాసనమెక్కినవాడు కాకున్నను, తన రూపమును పదిమంది చూచు తావున, తరతరములు నిలుచునట్లు వ్రాయించుకొన్నాడు. ఇది భక్తియా, కీర్తికాంక్షయా అని అడుగువారికి, రెండును అనియే నా సమాధానము. ఆ కాలపువారికి ఈ రెంటినడుమ అంత గోడ లేదు.

వారి తలలమీది పొడవైన కుళ్లాయిలను చూడుడు. తిరుమలలో కృష్ణదేవరాయల కంచువిగ్రహము ధరించినదియు ఇట్టిదే. కర్ణాట రాజసభకు పోయి ఇట్టి టోపీ పెట్టుకొనవలసివచ్చినదని వాపోయినట్లు శ్రీనాథునిపేర ఒక చాటువు వాడుకలో నున్నది. కవికి భారమైన ఆ కుళ్లాయియే, నూరేండ్లు గడచునప్పటికి, ఈ సోదరులకు అలంకారమైనది.

చిత్రకారుల పనితనము తీరిక గలవానికే తెలియును. కప్పుకు పరచిన రాతిపలకలమీద సున్నపుగార మెత్తి, నునుపుచేసి, ఎఱ్ఱమన్ను, పసుపుమన్ను, దీపపుమసి, సున్నపుతెలుపు, ఆకుపచ్చ మొదలగు కొలది రంగులతోనే సమస్తమును నడపినారు. నీలము దాదాపు కానరాదు. పలకల పొడవునుబట్టి కథలు పట్టెలుపట్టెలుగా సాగును: ఒకచోట కిరాతార్జునీయపు అడవిపంది వెన్నుమీది రోమములు నిక్కపొడుచుకొని దూకుచుండును, మరియొకచోట పార్వతీకల్యాణము, వేరొకచోట ఆవుదూడకై కన్నకొడుకును శిక్షించిన చోళరాజు ధర్మము. స్త్రీల చీరెల చారలును, గళ్లును, కొప్పుల ముడులును ఎంత శ్రద్ధతో వ్రాసినారనగా, ఆనాటి నేతగాని మగ్గము ముందర కూర్చున్నట్లుండును. గార రాలిన చోట్ల మాత్రము నల్లరాయి బయటపడి, కథ నడుమనే తెగిపోవును.

విరూపణ్ణ కథయు అట్లే విషాదాంతముగా జనులనోట నిలిచినది. ఖజానా ధనమును గుడికి వెచ్చించినాడని ఆగ్రహించి రాజు అతని కన్నులు తీయింప నాజ్ఞాపించెననియు, అది విని అతడే వానిని పెకలించి గోడకు విసరెననియు చెప్పుకొందురు. ఊరిపేరుకుసైతము ఆ కన్నులనే కారణముగా చూపువారున్నారు. జటాయువుతో రాముడు 'లే పక్షీ' యన్నాడను కథ వేరొకటి. అసంపూర్ణముగా మిగిలిన కల్యాణమండపము సమీపమున గోడపై రెండు ఎఱ్ఱని మరకలను దారిచూపువాడు వ్రేలితో చూపును, జనులు గుమిగూడి చూతురు. లోపల మండపపు చీకటిలో, మెడ నొప్పిపుట్టునంతగా తల వెనుకకు వాల్చినవానికి మాత్రము, కుళ్లాయి క్రింద పెద్దగా తెరచిన విరూపణ్ణ కన్ను కానవచ్చును.