చలిజ్వరం నడిచే బాట

కోట్‌పల్లి, వికారాబాదు, తాండూరు ప్రాంతాలవారికి సికింద్రాబాదు చిరపరిచితమైన ఊరే. వైద్యచరిత్రను మలుపు త్రిప్పిన ఒక పరిశోధన ఆ ఊరి చెంతనున్న బేగంపేటలో జరిగిందన్న సంగతి మాత్రం మనలో చాలామంది మరచిపోయాము.

చలిజ్వరానికి చెడుగాలి కారణమని పూర్వులు నమ్మారు. మలేరియా అనే ఇటలీ మాటకు అర్థమే అది. 1880లో ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ రోగి రక్తంలో ఆ వ్యాధి క్రిమిని చూశాడు. అయితే అది ఒకరినుంచి మరొకరికి ఏ బాటన చేరుతున్నది? సైనికవైద్యుడు రోనాల్డ్ రాస్ ఆ బాటను వెదికాడు. 1897 ఆగస్టులో హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలచేత కుట్టించి, దోమకు ఒక అణా చొప్పున అతనికి చెల్లించాడు. నాలుగు రోజుల తరువాత, 20వ తేదీన, ఒక దోమ కడుపు గోడలో క్రిమికణాలు ఆయన కంటబడ్డాయి. 1902లో నోబెల్ బహుమానం ఆయనను వరించింది.

దీనినిబట్టి మనం గ్రహించవలసినది ఒకటున్నది. రోగి జ్వరాన్ని దించడం ఒక పని. అతని రక్తంనుంచి క్రిమి దోమకు చేరకుండా ఆపడం మరొక పని. క్వినైన్, క్లోరోక్విన్ మందులు జ్వరకారకమైన క్రిములను చంపుతాయి. కాని ఫాల్సిపారం జాతిలో దోమకోసం కాచుకొని ఉండే ముదిరిన గామెటోసైట్లను చంపలేవు. ప్రైమాక్విన్ వాటిని చంపగలదు. అయితే పుట్టుకతో ఒక ఎంజైము కొరవడినవారిలో అది ఎర్రకణాలను చితకగొట్టవచ్చు.

మరి వేరే ఉపాయం లేదా? పల్లెల్లో 'కడుపులో బల్ల' పెరిగిందంటారే, ఆ ప్లీహం నిజానికి రక్తాన్ని వడకట్టే జల్లెడ. బిరుసెక్కిన కణాలను అది పట్టి ఆపుతుంది. ముదిరిన గామెటోసైట్లున్న కణాలు మెత్తబడి, దానినుంచి జారిపోతాయి. ఫాస్ఫోడైయెస్టరేజ్ అనే ఎంజైమును అడ్డగిస్తే, కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే పదార్థం పెరిగి, కణం తిరిగి బిరుసెక్కుతుంది. రక్తనాళాలను సడలించడానికి వాడుకలో ఉన్న సిల్డెనాఫిల్ ఈ పని చేయగలదని, ప్లీహాన్ని పోలిన కృత్రిమపు జల్లెడలో ఆ కణాలు చిక్కుకున్నాయని, 2015లో పారిస్, లండన్ పరిశోధకులు ప్రకటించారు.

ఇది ప్రయోగశాలలో తేలిన సంగతి మాత్రమే. మలేరియాకు మందని భావించి ఎవరూ దానిని వాడరాదు. అయినా రాస్ దోమ కడుపులో గుర్తించిన బాటకు, మన రక్తంలోనే గండి కొట్టవచ్చునన్న ఆశ దీనివల్ల చిగురించింది. అంతవరకు మన చేతిలో ఉన్నవి పాత సాధనాలే: దోమతెర, నీరు నిలువని పెరడు, జ్వరం రాగానే రక్తపరీక్ష.