స్నానాలగది దీపానికీ ఒక నియమం

1970ల ఇంధన సంక్షోభం నేపథ్యంలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1974లో ఇంధన కమిషన్ ఏర్పాటుకు చట్టం చేసింది. 1978లో భవనాలకు పొదుపు నియమాలు వచ్చాయి. ‘టైటిల్ 24’ అనే ఈ నియమాలు క్రమంగా స్నానాలగది దీపం దాకా చేరాయి.

60 వాట్ల ఫిలమెంటు బల్బు సుమారు 800 ల్యూమెన్ల వెలుగునిస్తుంది. అంటే వాటుకు 13 ల్యూమెన్లే! మిగిలిన శక్తిలో చాలాభాగం వేడిగా పోతుంది. చిన్న ఫ్లోరోసెంట్ దీపం అంత వెలుగునూ 14 వాట్లతో ఇవ్వగలదు.

మరి చిక్కెక్కడ? అమెరికాలో బల్బును మర తిప్పి బిగిస్తారు. ఒకే హోల్డరులో రెండు రకాలూ పడతాయి. తనిఖీనాడు ఫ్లోరోసెంట్ దీపం, మర్నాడు పాత బల్బు!

అందుకే 2005 అక్టోబరులో అమలైన నియమాలు హోల్డరు మీద దృష్టి పెట్టాయి. మర హోల్డరు ఉంటే, అందులో ఏ బల్బు ఉన్నా, దానిని అధిక సామర్థ్యం గల దీపంగా లెక్కించలేదు. ఫ్లోరోసెంట్‌కే సరిపోయే ప్రత్యేక హోల్డరు కావాలి. లేదా, మనిషి వెళ్లిపోగానే దీపాన్ని ఆర్పే సెన్సర్ ఉండాలి. వెలిగించడం మాత్రం చేత్తోనే. దానంతటదే వెలిగితే పట్టపగలు కూడా వెలుగుతుంది కదా!

తరువాత ఎల్.ఇ.డి.లు వచ్చాయి. 2017 జనవరి నుంచి కొత్త ఇళ్లలో దీపాలన్నీ అధిక సామర్థ్యం గలవే కావాలన్నారు. పరీక్షలో నెగ్గిన బల్బు ఉంటే మర హోల్డరునూ చాలాచోట్ల అనుమతించారు.

మన దేశంలో ఇళ్ల కోసం ‘ఎకో నివాస్ సంహిత’ 2018లో వెలువడింది. నియమం రాసేవారు దీపాన్ని ఎంత ఎరిగి ఉండాలో, దాన్ని వాడే మనిషినీ అంతే ఎరిగి ఉండాలి.